పాస్‌వర్డులో ప్రార్థన

ఆ రోజుల్లో నాకు రెండు పనులు బాగా వచ్చు. ఒకటి సర్టిఫికెట్లు పోగేయడం, రెండు కుళ్ళుకోవడం. మరీ పాత సంగతేం కాదు, ఆరేళ్ళయింది, అంతే. డిగ్రీ కంప్యూటర్స్ అయిపోయి తిరుమలాయపాలెంలో ఇంట్లో కూర్చుని, ఆన్‌లైన్‌లో ఎవరేది ఉచితంగా నేర్పిస్తామన్నా నేర్చేసుకుని, చివర్లో వచ్చే సర్టిఫికెట్‌ను ప్రింటు తీయించి ల్యామినేషన్ చేయించేదాన్ని. అలా పదకొండు పోగయ్యాయి. (వాటిలో ఒకటి డ్రోన్లు నడపడం గురించి. డ్రోనును నేనింతవరకు దగ్గర్నుంచి చూడలేదు.) ఆ పదకొండూ పట్టుకుని, ఖమ్మంలో ఎరువుల దుకాణం పైఅంతస్తులో ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేరాను. మూడు నెలల కోర్సు, పద్నాలుగు మందిమి. చివర్లో మా సార్ సిఫారసు చేసిన ఒక్కరికే హైదరాబాదు కంపెనీలో ట్రైనీ ఉద్యోగం (మా మాటల్లో 'సీటు'). ఆ ఒక్కరూ నేనేనని చేరిన రోజే నాకు అర్థమైపోయింది. మా అమ్మకు ఇంకా ముందే అర్థమైంది. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "మా బిడ్డకు సైబర్ల నౌకరి ఇచ్చిన దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం కూడా చెప్పేసింది. ఇంకా రాలేదమ్మా అని నేను మొత్తుకుంటే, "వచ్చేదే గద, జర ముందుగాల చెప్తె ఏమైతది?" అంది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

సరిగ్గా అప్పుడు దిగింది పినపాక పిల్ల. (అసలు పేరు ఎందుకులెండి, ఆ రోజుల్లో మనసులో నేను పిలుచుకున్న పేరు ఇదే.) పినపాక అనే ఊరి నుంచి ఉచిత శిక్షణ పథకం కింద వచ్చింది. ఫీజు లేదు, ల్యాప్‌టాప్ లేదు, చంకలో ఒక లాంగ్ నోట్‌బుక్ మాత్రం ఉంది. కిరాయి కలిసొస్తుందని ఇద్దరం ఒకే గది తీసుకున్నాం. ఆ పిల్ల పొద్దున్నే ఏడింటికల్లా సెంటరుకు వెళ్ళి అక్కడి కంప్యూటర్ మీద పని చేసుకుని, కమాండ్లన్నీ చేత్తో రాసుకుని వచ్చేది. కమాండ్లు చేత్తో రాసేవాళ్ళు ఎక్కడైనా పైకొస్తారా అని నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

ఒకరోజు సార్ "సెక్యూరిటీ మానిటరింగ్ అంటే ఏంటి?" అని అడిగారు. నేను లేచి, బట్టీపట్టిన నిర్వచనాన్ని ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. సార్ "గుడ్" అన్నారు. తర్వాత ఆ పిల్ల లేచింది. "మా అయ్య మొక్కజొన్న చేన్ల మంచె మీద కూసుంటడు సార్. పందులు రోజూ ఏ దిక్కుకెల్లి వస్తయో ఆయనకెరుక. వేరే దిక్కు ఆకు కదిలిందనుకోండి, లేసి నిలవడి చూస్తడు. గదే గద సార్?" సార్ కుర్చీలోంచి లేచి, "గదేనమ్మా! గదే!" అని బల్ల చరిచారు. నాకు ఒక గుడ్. ఆ పిల్లకు రెండు గదేలు, పైగా బల్ల చరుపు! ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. మా నాన్న కూడా రైతే కదా, చేలో పందులు పడితే తిట్టడం తప్ప నాకు పనికొచ్చే ఉదాహరణ ఒక్కటైనా ఇవ్వలేదేమని ఆయన మీద కూడా కోపమొచ్చింది.

అప్పట్నుంచి నాది ఒకటే మంట. ఆ పిల్ల చదివితే మంట, చదవకుండా పడుకుంటే ఇంకా మంట. "అక్కా, గీ ఇంగ్లీషు ముక్కకు అర్థమేంది?" అని అడిగితే సగం చెప్పి మిగతాది మింగేసేదాన్ని. ఆ వారంలోనే సార్ పాస్‌వర్డుల పాఠం చెప్పారు. "పేర్లు, పుట్టినరోజులు పెట్టొద్దు. పొడుగాటి వాక్యం పెట్టండి. మీ మనసులో ఉన్నది, పక్కవాళ్ళు కలలో కూడా ఊహించలేనిది." మంచి విద్యార్థినిని కదా, అక్షరాలా పాటించాను.

కోర్సు చివరి శనివారం పినపాక పిల్ల బస్సెక్కి ఇంటికి వెళ్ళింది. గదిలో నేనొక్కదాన్నే. సాయంత్రం మెయిల్ వచ్చింది. 'ఫైనల్ మార్కులు: మీవీ, మీ తోటివారివీ చూడటానికి లాగిన్ అవ్వండి.' నా మార్కుల సంగతి అటుంచండి, 'మీ తోటివారివీ' అన్న మాట దగ్గర నా చెయ్యి నా మాట వినలేదు. దొంగ మెయిల్స్ గుర్తుపట్టే పరీక్షలో క్లాసు ఫస్టు నేనే. పంపినవారి అడ్రసులో ఒక అక్షరం ఎక్కువుంది. చూశాను కూడా! తొందరలో సార్ తప్పు కొట్టారు పాపం అనుకున్నాను. లింకు నొక్కి పాస్‌వర్డ్ కొడితే తప్పు అంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పంది. మూడోసారి ఒక్కో అక్షరాన్నీ వేలితో పొడిచి పొడిచి కొట్టాను.

సోమవారం సార్ ప్రొజెక్టర్ పెట్టారు. "ఆ మెయిల్ పంపింది నేనే. ఐదుగురు లింకు నొక్కారు. ఒకరైతే పాస్‌వర్డ్ కూడా ఇచ్చారు, మూడుసార్లు. పేరు చెప్పను. దొంగకు ఏం దొరుకుతుందో మాత్రం చూడండి." తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాక్యం పడింది. వెనక బెంచీలో ఎవరో కూడబలుక్కుని పైకి చదివారు. "పినపాక... పిల్లకు... సీటు... రావొద్దు... ప్రభువా... వన్ టూ త్రీ." పేరు చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఆ క్లాసులో దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ప్రభువా అనేది నేనొక్కదాన్నే. సార్ కూడా దాన్ని ముందుగా చదివినట్టు లేరు, కంగారుగా స్విచ్ కోసం తడుముకుంటున్నారు. పినపాక పిల్ల మాత్రం తీరిగ్గా తెర చూసి, "మస్తు పొడుగున్నదక్కా, ఎవ్వడు కనిపెట్టలేడు" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

లింకు నొక్కిన వాళ్ళను సార్ పక్కన పెట్టేశారు, మిగిలిన వాళ్ళలో ఎక్కువ మార్కులు ఆమెవే. సీటు ఆమెకే వెళ్ళింది. సంగతి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె మెల్లగా, "ఇప్పుడు సాక్ష్యం వాపస్ ఎట్ల తీస్కోవాలె బిడ్డా?" అంది. అప్పుడు ఏడ్చాను, నిజంగానే. తర్వాత ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో చేరి, పాస్‌వర్డ్ మరిచిపోయిన వాళ్ళకు రెండేళ్ళు కొత్తవి ఇప్పించి, అక్కణ్ణుంచి సెక్యూరిటీ టీమ్‌లోకి దూరాను. ఉద్యోగులను పరీక్షించే దొంగ మెయిల్స్ రాయడం ఇప్పుడు నా పనే. ఫ్రీ గిఫ్ట్ అని రాస్తే నలుగురు నొక్కుతారు. 'మీ తోటివారి జీతాల పెంపు' అని రాస్తే మేనేజర్లు కూడా నొక్కుతారు. కొత్తగా చేరిన వాళ్ళకు పినపాక పిల్ల నిగ్రహం గురించి పాఠం కూడా చెప్పేదాన్ని, కడుపుమంట కనబడనీయకుండా.

మొన్న ఆమె చెల్లెలి పెళ్ళికి పినపాక వెళ్ళాను. (ఈ ఆరేళ్ళలో స్నేహితులమయ్యాం. కుళ్ళు పోలేదు, రెండూ సర్దుకుపోతున్నాయి.) భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"అవ్ గానీ, ఆనాడు ఆ లింకు నొక్కకుండ ఎట్ల ఆగినవే?"

ఆమె విస్తట్లో వేలు ఆపి అటూ ఇటూ చూసింది. "ఎవలకు చెప్పకు అక్కా. ఆగింది ఎక్కడ? నీకెన్ని మార్కులొచ్చినయో చూడాలని పానం కొట్టుకున్నది. ఇంట్ల సిగ్నల్ లేదు. ఫోన్ పట్టుకొని గుట్ట ఎక్కిన. ఒక్క గీత వచ్చింది. ఒత్తిన. గుండ్రంగ తిరుగుతనే ఉన్నది, తిరుగుతనే ఉన్నది, గంతల ఛార్జింగ్ అయిపాయె."

"నా మార్కులతో నీకేం పని?"

"నీకేమమ్మా, ల్యాప్‌టాప్ ఉండె, ఇంగ్లీషు ఉండె, పదకొండు సర్టిఫికెట్లు గోడకు పెట్టినవు. నువ్వు పండుకున్నంక గవన్నీ సూసుకుంట నాకు నిద్రనే పట్టకపోయేది."

నవ్వుకుంటూ బస్సెక్కాను. అప్పటి నన్ను తలుచుకుంటే జాలేసింది. పక్క మంచం మీది పిల్ల నన్ను చూసి కుళ్ళుకుంటోందని ఆ రోజుల్లో తెలిసుంటే, పిచ్చిదాన్ని, సీటు కూడా ఆమెనే తీసుకోమని హాయిగా నిద్రపోయేదాన్ని.