మట్టి రుచి తెలిసిన అత్తయ్య

మా మేనత్త మట్టి తినేది. చిన్నప్పటి సంగతి కాదు, కడుపుతో ఉన్నప్పటి సంగతీ కాదు. కోళ్ళ డాక్టరుగా ఉద్యోగంలో చేరాక, నలుగురి ఎదుటా, చెంచాతో తినేది. మన్ను తిన్న పాములా పడి ఉండటం అనే మాట పుట్టించినవాళ్ళు మా అత్తయ్యను చూసి ఉండరు. చెంచాడు మన్ను లోపల పడిందంటే ఆవిడ పక్క ఊరి కోళ్ళను కూడా చూసి వచ్చేద్దామనేది.

వీధిలో మట్టి కాదు లెండి. కోళ్ళ దాణాలో కలిపే బూడిదరంగు బంకమన్ను పొడి. సీసంలాంటి లోహాలు కోడి కడుపులో చేరితే, ఈ మన్ను వాటిని చాలావరకు పట్టుకుని రెట్టతోపాటు బయటికి లాక్కుపోతుంది. "పిలవని చుట్టాన్ని మాటల్లో పెట్టి వీధి గుమ్మం దాకా సాగనంపినట్టు" అని అత్తయ్య వివరించేది. ఆ మాట విన్నాక ఇంట్లో దిగిన చుట్టాలు సంచులు సర్దుకునేవారు.

మన్ను అమ్మేవాళ్ళు నమూనాలు పట్టుకుని ఆవిడ గదికి వస్తుండేవారు. అత్తయ్య పొట్లం విప్పి, చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకునేది.

"ఇసుక కలిసింది. తీసుకెళ్ళు."

"మేడమ్, పరీక్ష రిపోర్టు ఉందండీ!"

"ఉంటే కోళ్ళకి చదివి వినిపించు."

ఆ అమ్మకందారు నోట మట్టి కొట్టిందని ఆఫీసులో చెప్పుకున్నారు. నిజమే గానీ, ముందు తన నోట్లో కొట్టుకున్నాకే.

ఇంట్లోనూ ఇదే వరస. "కూరలో మట్టి తగులుతోందే" అని మామయ్య విసుక్కుంటే, "ఎలాంటి మట్టి?" అని ఆశగా గిన్నె దగ్గరికి లాక్కునేది. మామయ్య క్రమంగా ఫిర్యాదులు మానేసి నమలడం నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లోనే మా ఊరి దర్జీ తాత కోళ్ళ గొడవ వచ్చింది. ఆయన ఉండే సందు చివర పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఒకటి ఉండేది. అది మూతపడింది గానీ దాని దుమ్ము పెరళ్ళలో ఉండిపోయింది. ఆ పెరట్లో గీరుకు తిన్న తాత కోళ్ళు మెడలు వాల్చేశాయి. పరీక్ష చేస్తే సీసం తేలింది. పశువుల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి, కోళ్ళన్నిటినీ చంపి పూడ్చాలన్నాడు. అవి తాత భార్య బతికుండగా పెంచినవి. తాత కోళ్ళను కుట్టుమిషను గదిలోకి తోలుకుని లోపల గడియ పెట్టుకున్నాడు.

అత్తయ్య ఇన్‌స్పెక్టరుతో వాదించి కొంత గడువు సంపాదించింది. నన్ను స్కూటరు తియ్యమంది. మన్ను సంచి నా కాళ్ళ మధ్య, అత్తయ్య నా వెనక. తాత కిటికీ రెక్క కొద్దిగా తెరిచాడు.

"ఏం తెచ్చావమ్మా? విషమా?"

"మట్టి, బాబాయిగారూ. దాణాలో కలిపి పెడదాం. మందు కూడా ఇస్తాను."

"మట్టా! తిండిలో మట్టి పోసి చంపుతారన్నమాట. మీ ఇన్‌స్పెక్టరే నయం, ఒక్క దెబ్బతో పోతాయన్నాడు."

అత్తయ్య చెంచా తీసి, నిండుగా మన్ను ముంచి, నోట్లో వేసుకుని చప్పరించింది. తాత చాలాసేపు ఆవిడ మొహంలోకే చూశాడు. తరవాత గడియ తీశాడు.

కోళ్ళను పెరట్లోకి వదలొద్దనీ, గుడ్లు ఎవరూ తినకూడదనీ అత్తయ్య కట్టడి చేసింది. కోళ్ళు గదిలోనే మకాం పెట్టాయి. ఎర్రపెట్ట ఒకటి ఎవరిదో కొత్త కోటు మీద పొదగడానికి కూర్చుంది. తాతది మాత్రం రోజూ అదే పంతం.

"ముందు నువ్వు తినమ్మా. తరవాత అవి తింటాయి."

అత్తయ్య రోజూ వెళ్ళి తినేది. ఒకసారి ఆ ఎర్రపెట్ట మెడ పూర్తిగా వేలాడేసింది. తాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. అత్తయ్య తడిపిన దాణాను వేలితో తీసి ముక్కుకి అందించింది. అది మింగలేదు. మళ్ళీ అందించింది. సాయంత్రానికి ఒక ముద్ద మింగింది. ఆ నెల గడిచేసరికి లేచి నిలబడి, కోటు గుండీలు పొడవసాగింది. రెండోసారి రక్తం పరీక్ష చేస్తే సీసం బాగా తగ్గింది. ఇన్‌స్పెక్టరు కోళ్ళను వదిలేశాడు.

చివరి రోజున తాత అత్తయ్య చేతిలో ఓ బుల్లి సంచి పెట్టాడు. పట్టుగుడ్డ, మూతికి దారం, అంచుకి కుట్టుపూలు. నిండా మేం తెచ్చిన మన్నే.

"నీకు ప్రాణం కదా తల్లీ! ప్రయాణాల్లో పనికొస్తుందని రెండుసార్లు జల్లించాను. రుచి చూడు."

అత్తయ్య గుప్పెడు నోట్లో పోసుకుంది. "ఆహా! నూరేళ్ళూ చల్లగా ఉండండి బాబాయిగారూ" అంది.

స్కూటరు సందు మలుపు తిరగ్గానే నా వీపు మీద గుద్దింది. "ఆపు! ఆపు!" వీధి కుళాయి దగ్గరికి పరుగెత్తి, ఉమ్మి, పుక్కిలించి, నాలుకను కొంగుతో తుడుచుకుంది.

"అదేమిటత్తయ్యా? నీకు ఇష్టం కదా!"

"ఇష్టమేమిట్రా నీ మొహం! మట్టి ఎవరికైనా ఇష్టమా?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు తిన్నావు?"

"ప్రాణంగా పెంచుకున్నవాటికి మట్టి పెట్టమంటే ఎవరి చెయ్యి లేస్తుంది? కాగితం చూపిస్తే ఇంకా భయపడతారు. నేను తింటే కాస్త ధైర్యం వస్తుంది."

నేను సంచి కోసం చెయ్యి చాపాను. "అయితే ఇలా ఇవ్వు, పారేస్తాను."

"ముట్టుకున్నావంటే వీపు చీరేస్తాను" అని అత్తయ్య దాన్ని చేతిసంచిలో భద్రంగా దాచుకుంది. "వచ్చే ఆదివారం రమ్మన్నాడు. ఈసారి ఇంకా సన్నగా జల్లిస్తాట్ట."

"వెళ్తావా?"

అత్తయ్య మరోసారి పుక్కిలించి ఉమ్మింది.

"వెళ్ళకపోతే నొచ్చుకోడూ?"