ఈశాన్యానికి తిప్పిన గులాబీ నీళ్లు

మా ల్యాబు అటెండరు ఇస్తారిది దేవరయాంజాల్. శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలు ఉన్న రోజుల్లో పదిహేనేళ్లు డ్రిప్పు పైపులు బిగించాడు. తోటలు ప్లాట్లయ్యాక, 2004లో, మా దగ్గర టెంపరరీగా చేరాడు. పైపు కనబడితే అతని చెయ్యి ఊరుకోదు. దానికి తోడు వాస్తు పిచ్చి. స్టోర్సు గుమాస్తానైన నా కుర్చీని మూడుసార్లు తిప్పించాడు. చివరికి వచ్చినవాళ్లకు నా వీపే కనబడేది.

మా ల్యాబు నడిపే పద్మజ మేడం పరిశోధన గుండె మీద. గుండెలోని సన్నని రక్తనాళాల లోపలి గోడకు కణాలు ఒకే పొరగా పరుచుకుని ఉంటాయి. నెత్తురు రాసుకుంటూ పోతుంటే ఆ ఒరిపిడి వాటికి తెలుస్తుంది. నిలకడగా పారితే సాగి, వరుసగా సర్దుకుని, లోపలి సరంజామాను ప్రవాహం వచ్చే వైపుకు జరుపుకుంటాయి. మేడం దాన్ని ‘మూతి’ అనేవారు. ఆ కణాలను గాజుపలక మీద పెంచి, చిన్న మోటారుతో గులాబీ రంగు పోషకద్రవం పారించేవారు. రెండు రోజులకు మూతులన్నీ నీళ్లొచ్చే వైపే.

ఒక సోమవారం చూస్తే మూతులన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. మూడు నెలల పని! యంత్రాన్ని ఎవరో ముట్టుకున్నారని గొడవైంది. ఆ గది ఊడ్చేది సత్యమ్మ. రేపటి నుంచి రావద్దని ఆమెకు చెప్పేశారు. ఇస్తారిని పర్మనెంటు చేసే కాగితం అదే వారం మేడం బల్ల మీద సంతకం కోసం ఉంది. అయినా ఇస్తారి మేడం గదిలోకి వెళ్లాడు. స్టాకు పుస్తకంతో నేను అక్కడే ఉన్నాను.

“సత్యమ్మను పంపకుండ్రి మేడం. ముట్టింది నేనే.”

“నువ్వా? ఏం చేశావ్?”

“గా నీళ్లు నైరుతికి పోతున్నయి మేడం. నైరుతికి నీళ్లు పోతె ఏ పనైనా ఎట్ల నిలుస్తది? యంత్రమేమో బల్లకు బిగిచ్చి ఉండె. అందుకే శనివారం పొద్దుగాల పైపుల కొసలు అటుదిటు, ఇటుదటు జేసిన. ఇగ సక్కగ ఈశాన్యానికి పోతున్నయి.”

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు మూసుకుంటే ఉద్యోగం వచ్చేది కదా! కానీ ఆ క్షణంలో అతనంటే నాకు గౌరవం కూడా పుట్టింది.

“గాలి బుడగ పోలేదా లోపలికి?” మేడం గొంతు మారింది.

“ఒక్కటి గూడ పోలే. మీలెక్కనే గ్లౌజులు ఏస్కొని, స్పిరిటుతోని తుడిసిన.”

“ఎన్ని గంటలకు?”

“ఎనిమిదిన్నరకు. కీసర బస్సు గప్పుడే పోయింది.”

మేడం లేచి నిలబడ్డారు. ఒకసారి కుదురుకున్న కణాలు, ప్రవాహాన్ని ఎదురు తిప్పితే మళ్లీ తిరుగుతాయా అన్నదే ఆవిడ తర్వాతి ప్రశ్న. బాగున్నవాటిని పాడు చేసుకోవడానికి మనసొప్పక వాయిదా వేస్తూ వచ్చారట. వెంటనే సత్యమ్మకు కబురు పంపి, ఇస్తారి వైపు తిరిగారు.

“మళ్లీ పాత వైపుకు తిప్పు. నా ఎదురుగా.”

“నైరుతికా! నా శేతులతోనా? నౌకరి పోతె పోనీ మేడం, గా పాపం నాతోని గాదు.”

“నువ్వు తిప్పకపోతే నేను తిప్పుతాను. బుడగ పోయిందంటే కణాలన్నీ చస్తాయి. ఆ పాపం ఎవరిది?”

ఇస్తారి పెదాలు కదుపుతూ, ఏ దేవుడికో క్షమాపణ చెప్పుకుంటూ తిప్పాడు. బుధవారానికి మూతులన్నీ మళ్లీ పాత వైపుకు తిరిగాయి. మేడం అతన్ని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టారు. చాలాసేపు చూశాడు.

“గీటికి వాస్తు లేదు మేడం. నీళ్లు యాడికెళ్లి వస్తె గటే మూతి.”

“అంతే.”

“నా గుండెల గూడ గిట్లనేనా?”

“అందరి గుండెల్లోనూ అంతే.”

మేడం పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి అతని ముందుకు జరిపారు. ఇస్తారి అందుకోలేదు.

“మా ఇంట్ల మస్తు నీళ్లున్న బోరు ఉండె మేడం. నైరుతిల ఉన్నదని పూడ్పిచ్చిన. ఆరేండ్లసంది నా పెండ్లాం సుక్కమ్మ వీధి నల్లా కాడికెళ్లి బిందెలు మోస్తాంది. మీకు దండం పెడ్త, మీరు జూపెట్టిన గీ సంగతి దానికి మాత్రం చెప్పకుండ్రి.”