అద్దానికంటుకున్న ఫొటో

ఫ్రేములు కట్టే మరిది ఓ హోటలు మేనేజరు నోరు మూయించిన రోజు వదినకి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

మేనేజరు పన్నెండు ఫొటోలు తెచ్చి, చుట్టూ అట్ట అంచులేవీ వద్దు, అద్దానికి ఆనించి బిగించెయ్యమన్నాడు.

"ఒక్క మిల్లీమీటరు అట్టయినా లేకపోతే ఫొటో అద్దానికి తగుల్తుందండీ. కాస్త చెమ్మ చేరితే అంటుకుపోతుంది."

"గోడ నాది, ఫొటో నాది. మధ్యలో నీ పెత్తనమేంటి?"

"పొద్దున అద్దంలో మొహం చూసుకున్నారా?"

"చూసుకున్నా. అయితే?"

"బుగ్గ అద్దానికి ఆనించా, కాస్త ఎడంగా నిలబడా?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా పక్కున నవ్వారు. మేనేజరు మొహం కందగడ్డయింది. పన్నెండింటికీ అట్టలు పెట్టించుకునే కదిలాడు. ఆ రోజు నుంచి వీధి వీధంతా మరిదిని 'మిల్లీమీటరు' అంది.

వదిన చదివింది మూడో తరగతే. అయినా కట్టరు పట్టిందంటే అట్ట మీద వెంట్రుకవాసి తేడా రాదు. భర్త పోయాక మరిదితో సమానంగా దుకాణం మోసింది. అతని పనితనానికి లోలోపల పొంగిపోయేది గానీ, పైకి ఓ మంచి మాట అన్న పాపాన పోలేదు. "నీ మిల్లీమీటర్ల మూలంగా రోజూ చల్లారిన అన్నమే తింటున్నాం కదయ్యా" అని దెప్పేది.

ఓ వానాకాలం మధ్యాహ్నం ఒక టీచరమ్మ గుడ్డలో చుట్టిన ఫ్రేము తెచ్చింది. తండ్రి తీసిన ఫొటో. పొగమంచులో పడవ, పడవలో తల్లి. నెగెటివ్ ఎప్పుడో పోయింది. తల్లి మొహం ఉన్నచోటే కాగితం అద్దానికి అంటుకుపోయి నూనె మరకలా మెరుస్తోంది.

"అమ్మది ఇంకో ఫొటో లేదండీ" అందామె.

ఆమెని ముందు గదిలో కూర్చోబెట్టారు. లోపలి బల్ల మీద మరిది మేకులు ఒక్కొక్కటే ఊడదీస్తుంటే, వదిన పళ్లెంలో చల్లటి నీళ్లు పోసింది. అద్దంతో సహా నీళ్లలో ఉంచితే ఫొటో తనంతట తాను వదలొచ్చు. లేదా మొహం అద్దం మీదే మిగిలి, ఉత్త కాగితం చేతికి రావచ్చు. ముట్టుకోకుండా వదిలేస్తే బూజు తినేస్తుంది.

వెనక చెక్క తీసిన మరిది తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు. చెక్క లోపలివైపు అంటించిన ఓ చీటీ. పెన్సిలుతో ముప్ఫై ఏళ్ల కిందటి తేదీ, కింద మరిది సంతకమే. "రేపు విప్పినవాడికి ఎవర్ని తిట్టాలో తెలియాలిగా" అంటూ కట్టిన ప్రతి ఫ్రేములోనూ పెట్టే చీటీయే. అప్పుడు పనికి కొత్త. అట్ట లేకపోతేనే అందమనుకుని తన చేతులతోనే ఆనించి బిగించాడు.

వదిన చప్పున గోటితో చీటీ లేపబోయింది.

"ఏం చేస్తున్నావు?"

"మెల్లగా! ఆవిడకి వినిపిస్తుంది. ఇన్నేళ్ల పేరు ఈ కాగితం ముక్క పాలు చేస్తావా? పాడైతే వానల వల్లే అంటే సరి."

మరిది ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"బాగా వచ్చినా చెప్పాల్సిందే వదినా. నీళ్లలో వెయ్యాలో వద్దో ఆవిడ తేల్చాలి. ఎవడి చేతిలో పెడుతోందో తెలియకుండా ఎలా తేలుస్తుంది?"

మరిది చీటీని తనే జాగ్రత్తగా లేపి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు నోరు పెగలదు. నువ్వెళ్లు. చీటీ ఆవిడ చేతికిచ్చి, ఇది కట్టింది మా మరిదేనని చెప్పు. ఇంకొకళ్ల దగ్గరికి పోతానంటే అడ్డుపడకు."