పెనం మీద నూనె జారితే

ఈ ఉదయం అట్టు వేద్దామని పెనం మీద నూనె వేస్తే, అది నడుమ నిలవకుండా కుడి అంచుకు జారిపోయింది. జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన మా వీధంతా ఏటవాలే. ఆ వాలులో, నిన్న అద్దెకు తెచ్చి నిలిపిన మోటర్‌హోమ్‌లో, అంటే పొయ్యీ పడకా ఉన్న బండిలో, బయల్దేరే ముందు పొయ్యి పనిచేస్తుందో లేదో చూస్తున్నాను. కాగిన నూనె వాసనతో పాటే ఒక గొంతు గుర్తొచ్చింది: "బండి ఒరిగింది రమా. దిగి చక్రం కింద దిమ్మ పెట్టు."

డాక్టర్ వసుంధర గారు మా పై అంతస్తులో ఉండేవారు. గుంటూరులో చదివి, నేను పుట్టకముందే ఈ దేశం వచ్చి, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయాక పూజలూ భజనలూ మొదలుపెడతారని మేమంతా అనుకుంటే, ఆవిడ ఇల్లంత బండి కొనుక్కుని ఒక్కరే ఫ్రాన్సు పల్లెలన్నీ తిరిగారు. నేను ఎస్-బాన్ రైల్లో ఎవరి చంక కిందో నలుగుతూ ఆఫీసుకు పోతుంటే ఫోనులో ఫోటో వచ్చేది: ద్రాక్షతోట పక్కన మడత కుర్చీ, స్టీలు గ్లాసులో కాఫీ. ఒక్క ముక్క రాసేవారు కాదు. రాస్తే పోట్లాడేదాన్నే. నాకు కుళ్ళుగా ఉండేది. దానికి మర్యాదైన పేరు వెతకను.

"గొప్ప చూపించుకోవడానికి కాకపోతే నాకెందుకండీ పంపడం?" అని ఒకసారి మెట్ల మీదే నిలదీశాను.

"అందుకే పంపేది. మిగతావాళ్ళు బాగుందని ఊరుకుంటారు. నువ్వయితే నిద్ర మానేస్తావు," అన్నారు నవ్వుతూ. "వచ్చే వారం ఫ్రాన్సులో బర్గండీ వెళ్తున్నా. వస్తావా?"

వెళ్ళాను. హైవే ఉండగా పల్లెదారులెందుకని సరిహద్దు దాకా వాదించాను, దాటాకా వాదించాను. ఒక ఊళ్ళో రెండు రాతిగోడల మధ్య సందులో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. "దిగు, వెనక నిలబడి దారి చూపించు," అన్నారావిడ. నేను "రా, రా, రా... ఆపండి!" అని ఊరు అదిరేలా అరిచాను. ట్రాక్టరు ముసలాయన కూడా చెయ్యి ఊపుతూ "రా, రా" అందుకున్నాడు. ఆవిడ మాత్రం, పెరట్లో నీళ్ళ బిందె తిప్పినంత తేలిగ్గా ఆ బండిని వెనక్కి తిప్పారు. ఆ చేతులు చూసి నాకు ద్రాక్షతోటల మీద కుళ్ళు పోయి, స్టీరింగు మీద పట్టుకుంది.

సాయంత్రం కాలువ పక్కన ఖాళీ మైదానంలో తాళం నా ముందు పెట్టారు. "నడుపు."

"ఎప్పుడూ మా ఆయనే కదండీ..."

"ఆయన్నెందుకు లాగుతావు? ఇక్కడ లేడుగా."

రోడ్డు ఇరుకన్నాను, బండి పొడుగన్నాను, జర్మన్ లైసెన్సు వచ్చాక హైవే ఎక్కిందే లేదన్నాను. అన్నీ విన్నారు. తాళం తీసుకుని, పెనం మీద నూనె వేసి, అది ఎటు జారుతుందో చూస్తూ నిలబడ్డారు.

తర్వాత మోకాళ్ళు మొరాయించి ఆవిడ బండి అమ్మేశారు. కొన్నది కింది ఇంటి శ్రావ్య. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాదయినా కాని సాఫ్ట్‌వేర్ పిల్ల. తాళం అందుకున్న రోజే మా ఇంటి పక్క సందులోంచి రివర్సులో తీసుకుపోయింది. నేను పై అంతస్తుకు పరిగెత్తాను.

"నాకెందుకు అమ్మలేదు?"

"అడిగావా? ఆ పిల్ల అడిగింది. నీకు కావాల్సింది బండి కాదు రమా, నన్ను చూసి కుళ్ళుకోవడం. అదీ కానియ్, తప్పు లేదు. కూర్చుని మాత్రం కుళ్ళుకోకు."

ప్రతి మాటకూ ఎదురు చెప్పే నేను, ఆ మాటకూ ఒక జవాబు మెట్లు దిగుతూనే అల్లడం మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోగా, పోయిన చలికాలంలో ఆవిడ కన్నుమూశారు. ఒక మనిషి వాదనలో గెలిచి ఇంత దూరం పారిపోవడం అన్యాయం.

పొయ్యి ఆపి కిందికి దిగాను. మా ఆయన అలవాటుగా తాళం కోసం చెయ్యి చాచారు.

"మీరు వెనక నిలబడి దారి చూపించండి," అన్నాను.

"నువ్వా? ఈ వాలులోనా?"

"నేనే. గట్టిగా అరవండి, వినపడాలి."

ఎక్కి కూర్చుని రివర్సు గేరు వేశాను. అద్దంలో ఆయన "రా, రా" అంటున్నారు. రేపు ఏదో ఒక ద్రాక్షతోట పక్కన కుర్చీ వేసుకుని, స్టీలు గ్లాసు ఫోటో తీసి శ్రావ్యకు పంపుతాను. కింద ఒక్క ముక్క రాయను.