కబురు వెళ్లని ముడి

ఇపో స్టేషన్‌లో రైలెక్కి, కాలేజీలో చెప్పాల్సిన భౌతికశాస్త్రం పాఠం చదువుకుంటున్నాను. పక్క సీటులోని పెద్దావిడ పుస్తకంలోకి తొంగిచూసి, "ఏటమ్మా అది?" అంది.

క్వాంటమ్ ముడి గురించి చెప్పాను. ముడిపడిన రెండు కణాలు ఎంత దూరం వెళ్లినా, ఒకదాన్ని కొలిస్తే రెండోది ఎలా ఉంటుందో చెప్పేయొచ్చు. అది ముందే అలా ఉందా, కొలిచాకే అలా అయిందా అని పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు.

"దీనికి తగువేటి? నానూ, జార్జ్ టౌన్‌లో ఉన్న మా సెల్లీ కవలోళ్ళం. ఓ పెళ్ళిలో సీర కాడ తగువై మాటలు మానేసినాం. నాకు కోపం పోనాదని దానికి ఈపాటికి తెలిసిపోయుంటాది లా," అంది ధీమాగా, ఇక్కడివాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

"లేదాంటీ. ఆ ముడితో కబురు వెళ్లదు. ఫోన్ చెయ్యాల్సిందే."

ఆవిడ మొహం పాలిపోయింది. "అయితే ఇన్నేళ్ళూ దానికి తెలీదా?" అంటూ గబగబా ఫోన్ తీసింది. అవతలి గొంతు నాకూ వినబడింది.

"నీ కోపం పోయి సాన్నాళ్ళయినాదని తెల్సులేవే. నువ్వే సేస్తావని సూసినాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "ఇన్నావా? నీ బుక్కు తప్పు!"

ఇప్పటికీ ఆ పాఠంలో, కబురు వెళ్లదన్న మాట దగ్గర నా గొంతు కాస్త తగ్గుతుంది.