తెర మీద డప్పులు

మా అత్త అప్పయమ్మ బిలాస్‌పూర్‌కి కాపురానికి వచ్చేనాటికి అక్కడి రైల్వే షెడ్డులో ఇంకా బొగ్గు ఇంజన్లే నడిచేవట. ఆమెది పార్వతీపురం దగ్గర పల్లె. మామ నాగభూషణం షెడ్డులో ఖలాసీ. ఇన్నేళ్లలో ఆమె నేర్చుకున్న హిందీ ఒక్కటే మాట, అచ్ఛా. బుధవారీ బజారులో కూరలామె ధర చెబితే అచ్ఛా అనేది. తగ్గించమని అడగడానికీ అచ్ఛాయే. తగ్గించనంటే సంచీ తీసుకుని అచ్ఛా, అచ్ఛా అంటూ నడిచిపోయేది. ఆ కూరలామే వెనక్కి పిలిచి ఇచ్చేది.

మనిషి నలుపు. మామూలు నలుపు కాదు. ఇంజను తుడిచిన గుడ్డలా ఉన్నావని మామ ఆట పట్టిస్తే, "నీ మసి సబ్బెడితే పోతాది. నాది దేవుడేసిన రంగు, పోదు" అనేదట. మామ పోయాక అదే షెడ్డులో చేరిన నా భర్త సూర్యానికీ అదే రంగు వచ్చింది. మా పిల్ల మైత్రికీ అదే.

ఆమెకి ఉన్న పిచ్చి ఒక్కటే, సినిమా. ఏటా విశ్వకర్మ పూజకి షెడ్డువాళ్లు ఇన్‌స్టిట్యూట్ హాల్లో సినిమా వేస్తారు. భాష తెలియదు కాబట్టి కొడుకు పక్కన కూర్చుని చెవిలో తెలుగులో చెప్పేవాడు. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు కాదు. హీరోయిన్ గుండెలు బాదుకుంటుంటే "ఏటంటందిరా?" అని ఈమె అడిగేది. "పప్పు మాడిపోనాదంటందే" అనేవాడు. ఇద్దరూ కిసకిసా నవ్వేవాళ్లు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి కసిరేవాళ్లు.

ఆ సూర్యం మొన్న ఎండాకాలంలో కామెర్లు ముదిరి పోయాడు.

నేను ఏడ్చాను, పిల్ల ఏడ్చింది, షెడ్డు నుంచి వచ్చిన మగాళ్లు కూడా ఏడ్చారు. అత్త ఏడవలేదు. ఆస్పత్రి బండిలోంచి అతన్ని దించుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది. మర్నాడు తెల్లారి లేచి అన్నం వండి, కూర చేసి, సూర్యం కేరేజీ సర్ది, గుమ్మం పక్కన పెట్టింది, డ్యూటీకి వెళ్లేవాడికి పెట్టినట్టే. మధ్యాహ్నం ఆమె కునుకు తీసినప్పుడు కేరేజీ లోపలికి తెచ్చి కడిగేశాను. తర్వాత రోజూ అంతే. ఆమె పెట్టడం, నేను తీయడం. ఆ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. ఆమె తినే అన్నం మాత్రం పిడికెడైపోయింది.

పక్క క్వార్టర్ కనకం రోజూ వచ్చి కూర్చునేది. "ఒదినా, మీ అత్త ఏడిసిందా?" అని గుసగుసగా అడిగేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

"మా ఊర్లో ఒకావిడ ఇలగే కొడుకు పోతే ఏడవనేదు. ఓపాలి కూకున్నకాడే కూలిపోనాది. ఏడుపు లోపల గడ్డ కట్టేస్తాది ఒదినా. ఎలగైనా ఏడిపించు."

ఎలా ఏడిపించను? కొడుకు పేరు ఎత్తితే లేచి వెళ్లి గిన్నెలు తోమేది. ఫోటో చూపిస్తే కొంగుతో అద్దం తుడిచి తిరిగి ఇచ్చేసేది. అప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర సగమే. ఆమె గురక ఆగితే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఏడాది తిరగని ఇల్లు కదా, పండగకీ పూజకీ మేం వెళ్లకూడదు. సాయంత్రం దీపం పెడుతుంటే అత్త ఉతికిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది.

"సినిమాకెళ్దాం."

"అత్తా, ఏడాది కాలేదు. నలుగురూ ఏమంటారు?"

"పూజకెళ్లను. పెసాదం ముట్టను. సినిమాయే." చెప్పులు వేసుకుంది.

అడ్డు చెబితే ఏమవుతుందో, తీసుకెళ్తే ఏమవుతుందో తెలియక మైత్రిని వెంటబెట్టుకుని నడిచాను. హాల్లో గోడవారగా చివరి వరసలో కూర్చున్నాం. అయినా తలలు తిరిగాయి. ఎవరో ఆడమనిషి "అప్పుడే?" అంది. అత్త వినిపించుకోలేదు. పక్క కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచి కూర్చుంది. ఎవరు వచ్చి అడిగినా ఆ కుర్చీ మీద చెయ్యి వేసి అచ్ఛా అంది. వాళ్లకి ఏమర్థమైందో, వెళ్లిపోయారు.

సినిమా ఇంగ్లీషుది. మాటలు హిందీలో పెట్టారు. హీరో నల్లవాడు. చుట్టాలూ, స్నేహితులూ, అమ్మమ్మా అందరూ నల్లవాళ్లే. సముద్రం అవతల తమ పాత ఊరి నుంచి అమ్మమ్మ నేసి తెచ్చిన ఎర్ర శాలువా ఒకటి ఉంటుంది. అది భుజాన వేసుకుంటే అతనికి ఎక్కడలేని బలం వస్తుంది.

హీరో తెర మీదికి రాగానే హాలు గొల్లుమంది. "అరే, యే తో కాలూ హై!" అని అతని నలుపుని వెక్కిరిస్తూ ముందు కుర్రాళ్లు అరిచారు. వెనక నుంచి ఎవడో, "అప్పలకొండా! మీ తమ్ముడొచ్చాడ్రా!" అన్నాడు. అప్పలకొండ కనకం మొగుడు, షెడ్డులో ఫిట్టరు, అతనూ నలుపే.

"అవున్రా, నా తమ్ముడే. మీ అప్పనిచ్చి పెళ్లి సేసినాం, మర్సిపోనావా?" అన్నాడు అప్పలకొండ. మళ్లీ నవ్వులు.

మైత్రి నా చెయ్యి పట్టుకుంది. స్కూల్లో దాన్ని పిలిచే పేరు కూడా అలాంటిదే. నేను అత్త వైపు చూశాను. తెర వెలుగు ఆమె ముఖం మీద పడుతోంది, కళ్లు ఆర్పడం లేదు. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు కొంచెం వంగి ఉంది, చెవి అటు పెట్టి.

కాసేపటికి హీరో అదుపు తప్పిన గూడ్సు బండిని రెండు చేతులతో ఆపేశాడు. ఇక షెడ్డువాళ్లు ఊరుకుంటారా? "బ్రేకు వేసినోడెవడు? గార్డేడి?" అని ఒకడు. "అంత లోడు చేత్తో ఆపాడా! వీడికి మన షెడ్డుకి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ కొట్టండి, సాబ్!" అని ఇంకొకడు. కానీ ఆ నవ్వు వేరు. మొదట కాలూ అన్న కుర్రాళ్లే ఈల వేశారు. మైత్రి కూడా చప్పట్లు కొట్టింది.

అంతలో కరెంటు పోయింది. జనరేటరు వేసి, సీడీ మళ్లీ పెట్టి, ఆపరేటరు అందాజుగా ముందుకు జరిపాడు. టీకి బయటికి వెళ్లినవాళ్లు లోపలికి వస్తున్నారు. తెర మీద ఒక నది ఒడ్డు. డప్పులు, పెద్ద పెద్ద డప్పులు. నల్లటి మనుషులు ఎర్రటి, తెల్లటి బట్టలు కట్టుకుని కాళ్లు ఎత్తి ఎత్తి ఆడుతున్నారు.

"బారాత్ ఆ గయీ! హీరోకి పెళ్లి రా!" అని ఎవరో కేక వేశారు. కుర్రాళ్లు లేచి నడవలో గంతులు మొదలుపెట్టారు. ఒకడు నోట్లో రుమాలు పెట్టుకుని నాగిని డాన్సు. హాలంతా చప్పట్లు.

అత్త లేచి నిలబడింది.

"పెళ్లి కాదు."

నేను చెయ్యి పట్టి లాగాను. "అత్తా, కూర్చో."

"పెళ్లి కాదే. సావు. సూడు, ఆ యెనకాల తల్లి. జుత్తు ఇప్పుకుని వస్తన్నాది."

అప్పుడు చూశాను. ఆడుతున్నవాళ్ల భుజాల మీద పొడుగాటి పెట్టె. ముందు ఒక మనిషి దండ వేసిన ఫోటో పట్టుకుని నడుస్తున్నాడు. ఫోటోలో మీసం సరిగా రాని కుర్రాడు.

మా వైపు డప్పులు పండిపోయిన వాళ్లకే. ముసలాయన పోతే కొట్టించుకుంటూ, ఆడుకుంటూ సాగనంపుతాం. వయసులో ఉన్నవాడు పోతే చప్పుడు చెయ్యం. సూర్యాన్ని కూడా అలాగే తీసుకెళ్లారు, నోళ్లు మూసుకుని.

"సిన్నోడు," అంది అత్త. గొంతు మారింది. "ఒలే, సిన్నోడే ఆడు. సిన్నోడికీ కొడతన్నారే!"

ఆ తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన కేక ఎలాంటిదో నేను రాయలేను. హాల్లో ఈలలు టక్కున ఆగిపోయాయి.

"నా బాబో... డూటీకని లేసినోడివి, కేరేజీ మర్సిపోనావేటి నాయనా... నా సెవిలో కత సెప్పినోడివి, కత మజ్జిలో లెగిసిపోనావేటి బాబూ..."

గుండెల మీద కొట్టుకుంటూ, రాగం తీసి. డప్పుకి ఆమె చెయ్యి ఆడుతోంది. నేను వాటేసుకుంటే నన్ను తోసేసింది. కనకం మాటలు గుర్తొచ్చి, ఇప్పుడే కూలిపోతుందేమోనని వెనకే చేతులు చాపి నిలబడ్డాను. గంతులేసిన కుర్రాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోయారు. రుమాలు పెట్టుకున్నవాడు దాన్ని తీసి జేబులో దాచుకున్నాడు. అప్పలకొండ పరుగున వచ్చి ఆపరేటరుకి చెయ్యి ఊపాడు. "ఆపు, ఆపు! బంద్ కరో!"

"ఆపకండ్రా!" అని అరిచింది అత్త. "సాగనియ్యండి. ఊరు దాటనియ్యండి ఆడిని."

ఆపరేటరు ఆపలేదు. ఆ పెట్టె నది దాకా వెళ్లేవరకూ డప్పులు మోగాయి. ఆమె నిలబడే ఏడ్చింది. డప్పులు ఆగాక కూర్చుంది, ఆ ఖాళీ కుర్చీలో. కనకం ఎక్కణ్ణుంచో వచ్చి నీళ్లు తాగించింది. మిగతా సినిమాలో ఎవరు గెలిచారో నాకు తెలియదు. హాల్లో మాత్రం ఎవరూ ఆ హీరోని మళ్లీ ఏమీ అనలేదు.

ఇంటికి వస్తూ దారిలో మైత్రి చెప్పింది. "నాన్నమ్మా, వో హీరోకా భాయీ థా. తమ్ముడు. పిల్లల్ని కాపాడి మర్ గయా."

"అచ్ఛా," అంది అత్త. కాసేపు నడిచి, "మంచోడే" అంది.

ఆ రాత్రి కంచం నిండా పెట్టించుకుని తిన్నది. అయినా నాకు భయం పోలేదు. తెల్లారుతూనే లేచి గుమ్మం వైపు చూశాను. అత్త వండుతోంది. కేరేజీ తీసింది, అన్నం పెట్టింది, కూర పెట్టింది, మూత బిగించింది. మళ్లీ మొదలా అనుకున్నాను.

కేరేజీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఒలే గుంటా, బడికి ఇది పట్టికెళ్లు."

మైత్రి మూతి ముడిచింది. "ఇత్నా పెద్దదా! సబ్ నవ్వుతారు నాన్నమ్మా."

"నవ్వనీ. నిన్న నవ్వనేదేటి ఆ నల్లోడిని సూసి? మరి తరవాతో?" అని దాని చేతిలో కేరేజీ పెట్టి, జడ సరిచేసి, వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.