జపాన్ బొమ్మలో రేవు

దెయ్యాలే నన్ను చూసి జడుసుకుంటాయని మా అక్క ఎగతాళి చేసేది. నిజమే, అలాంటివి నమ్మే మనిషిని కాను నేను. అందుకే ఇన్నాళ్లూ ఇది ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మొదట్లో మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఒక ఒమానీ వాళ్లింట్లో పనికి ఉండేదాన్ని. ఐదేళ్ల నా కూతురు మంగని కోనసీమలో అక్క దగ్గర వదిలి వెళ్లాను. ఇంటిపని అంటే చులకన కదా! నాలాంటివాళ్లం చాలామందిమి ఊళ్లో ఆఫీసు ఉద్యోగమనే చెప్పుకునేవాళ్లం. అక్కకీ అదే చెప్పాను.

ఆ ఇంటి హాల్లో గోడకి, అద్దం కట్టిన జపాన్ బొమ్మ ఒకటి ఉండేది. మన అద్దకం చీరల్లాగే చెక్క దిమ్మలతో కాగితం మీద అద్దుతారట. వసంతకాలం, ఏటి ఒడ్డున గులాబీరంగు పూలచెట్లు, ఒక పడవ, రేవులో నలుగురైదుగురు మనుషులు. ఎంత బాగుండేదో! ఆ రేవు చూస్తే మా గోదావరి పాయ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది. రోజూ పొద్దున్నే పసుపురంగు గుడ్డతో దాని అద్దం తుడిచేదాన్ని.

అప్పట్లో ఉత్తరాల బదులు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి, సెలవు మీద వెళ్లే వాళ్ల చేత పంపుకునేవాళ్లం. ఊరి నుంచి వచ్చిన మూడు క్యాసెట్లలో అక్కే మాట్లాడింది. మంగ నాతో ఒక్క మాటా చెప్పలేదు. మూడోదాంట్లో వెనకనుంచి అది అక్కనే "అమ్మా" అని పిలవడం వినిపించింది. నా బిడ్డ నన్ను మర్చిపోయిందని కుమిలిపోయాను.

నాలుగో క్యాసెట్‌లో మంగ పలికింది. "అమ్మా, నేను రేవులో నుంచుని చెయ్యూపుతుంటే నువ్వు సూడవేంటే? పసుప్పచ్చ గుడ్డతో అద్దం తుడుసుకుని ఎల్లిపోతావు!"

వెనక అక్క నవ్వు. "దీని కలలూ ఇదీనూ! మీ అమ్మ ఆపీసులో అద్దాలు తుడుత్తాదేంటే?"

క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. బొమ్మ సంగతి గాని, గుడ్డ సంగతి గాని నేనెవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న కళ్లు చిట్లించి బొమ్మలోకి చూశాను. కొత్తగా ఎవరూ లేరు. అయినా సిగ్గు విడిచి చెయ్యి ఊపాను. ఏడుపు ఆగలేదు. మేడమ్ వస్తున్న చప్పుడైతే చున్నీతో కళ్లు తుడుచుకున్నాను.

నేను జవాబు పంపకముందే ఇంకో క్యాసెట్ వచ్చింది. "సూసావులే అమ్మా, నువ్వూ చెయ్యూపావు. మరెందుకే ఏడిశావు?"

పిల్లకి అదంతా ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మొన్న మంగనే అడిగాను. ఇప్పుడు దానికీ పిల్లలున్నారు. రేవూ, గుడ్డా ఏవీ గుర్తులేవంది.

"అయినా అద్దాలు తుడవడమేంటమ్మా? నువ్వు ఆఫీసులో కదా చేసింది!" అని నవ్వింది.